పూతరేకుల కొట్టూ, కాలువలో శవమూ: ఊరి తిండి వ్యాపారం చుట్టూ కోజీ మిస్టరీ రాయడం ఎలా?

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి కాలువలో శవం తేలింది. గట్టు మీద ఆపిన స్కూటరు డిక్కీలో పూతరేకుల పెట్టె ఉంది. పెట్టె మీద తేదీ ఆ శనివారానిదే. అంటే ఈయన తెల్లారి కొట్టు తెరిచాక పెట్టె కొనుక్కున్నాడు, ఆ తర్వాతే పోయాడు అని ఎస్సై లెక్క కట్టాడు. ఆ లెక్క తప్పని కొట్టు నడిపే తాయారుకి తెలుసు. కానీ ఎందుకు తప్పో చెబితే ముందు ఇరుక్కునేది తనే.

ఈ వ్యాసంలో తాయారు కథని దగ్గర పెట్టుకుని, ఇలాంటి నవల మొదటి నుంచి చివరి దాకా ఎలా కట్టాలో చెబుతాను. తాయారూ, ఆమె ఊరూ, అక్కడి మనుషులూ అందరూ కల్పితమే. కొట్లో జరిగే పని మాత్రం నిజం.

ముందు కోజీ మిస్టరీ అంటే ఏమిటో రెండు మాటలు. ఇందులో నేరం ఉంటుంది, నెత్తురు కనపడదు. నేరాన్ని ఛేదించేది పోలీసు కాదు, ఊళ్లో మామూలు మనిషి. ఊరు చిన్నది, అందరూ అందరికీ తెలుసు. చివర్లో దోషి దొరుకుతాడు, ఊరు మళ్లీ పనిలో పడుతుంది. అమెరికాలో ఈ తరహాలో బేకరీలు, టీ కొట్లు, కేటరింగు చుట్టూ తిరిగే నవలలు ఒక పెద్ద పాయ. జోయాన్ ఫ్లూక్ 2000లో మొదలుపెట్టిన వరసలో నాయిక మిన్నెసోటా రాష్ట్రంలోని ఓ కల్పిత ఊళ్లో బిస్కెట్ల కొట్టు నడుపుతుంది. మొదటి పుస్తకంలో చనిపోయేది ఆ కొట్టుకి పాలు తెచ్చే మనిషి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మనకి డిటెక్టివ్ నవల కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని చదువుతూ రెండు తరాలు పెరిగాయి. కానీ అక్కడ డిటెక్టివ్ బయటి నుంచి వస్తాడు, కారు దిగుతాడు, ప్రశ్నలు వేస్తాడు. ఇక్కడ ప్రశ్నలు వేసే మనిషి పొట్లం కడుతూ, చిల్లర ఇస్తూ వేస్తుంది. ఆ తేడా మీ చేతికి పట్టుబడితే సగం పని అయినట్టే.

1. వంటిల్లు ఎంచుకోండి, వంటకం కాదు

కొత్తగా రాసేవాళ్లు "మా కథలో కాజా కొట్టు ఉంటుంది" అని మొదలుపెడతారు. మూడో అధ్యాయానికల్లా కాజా వాసన తప్ప ఏమీ మిగలదు. హీరోయిన్ కాజా బదులు చీరలు అమ్మినా కథ మారదు. అలాంటప్పుడు తిండి ఉత్త తెరగుడ్డే.

మీరు గంటల తరబడి నిలబడగలిగిన వంటిల్లు ఏదో చూసుకోండి. మీ మేనత్తకి ఆవకాయ వ్యాపారం ఉందా? పక్క వీధిలో తెల్లారి మూడింటికి పొయ్యి వెలిగించే టిఫిను బండి ఉందా? తెలిసిన బిర్యానీ మాస్టరు ఉన్నాడా? అక్కడికి వెళ్లి ఒక పూర్తి రోజు కూర్చోండి. "ఎలా చేస్తారు?" అని అడగకండి, అది యూట్యూబులో దొరుకుతుంది. "ఏం తప్పితే సరుకు పారేయాలి? ఎవరు రాకపోతే పని ఆగిపోతుంది? రాత్రి తాళం ఎవరు వేస్తారు? అప్పు ఎక్కడ రాసుకుంటారు?" అని అడగండి. మిస్టరీకి కావలసింది ఆ జవాబులే.

నేను పూతరేకులు ఎంచుకున్నాను. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు అందరికీ తెలుసు. కానీ తినేవాళ్లలో చాలామందికి అది రెండు వేరు వేరు పనులని తెలీదు. ఒకటి రేకు తీయడం. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పల్చగా చేస్తారు. నున్నటి కుండని బోర్లించి, లోపల కొబ్బరాకు మంట పెడతారు. పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి కాలిన కుండ మీద ఒక్క లాగు లాగితే పూత పడుతుంది. క్షణాల్లో ఆరి రేకై లేస్తుంది. రెండోది చుట్టడం. తడిగుడ్డతో రేకుని మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లమో చల్లి మడతపెడతారు. రేకు తీసే ఇల్లు ఒకటి, చుట్టే కొట్టు ఇంకొకటి కావచ్చు. రెండింటి మధ్యా నెయ్యి తెచ్చేవాడు, అట్టపెట్టెలు తెచ్చేవాడు, కొబ్బరాకు మోసేవాడు తిరుగుతుంటారు.

ఇంతమంది వచ్చిపోయే చోట ఎవరు ఎప్పుడు వచ్చారో ఎవరూ పట్టించుకోరు. హత్య రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకోటి. రేకుకి గాలిలో చెమ్మంటే పడదు. ఎండలో ముట్టుకుంటే పొడైపోయేది, ముసురు పట్టిన రోజున మెత్తబడి వేలాడుతుంది. ఎండ కాసిన రోజు తీసిన రేకులని ఎవరైనా చెబితే, చేత్తో పట్టుకున్న మనిషికి నిజమో అబద్ధమో తెలిసిపోతుంది. ఇలాంటివి నాలుగు పోగయ్యే దాకా రాయడం మొదలుపెట్టకండి.

2. ఆ వ్యాపారంలో ఉన్న చిన్న అబద్ధాన్ని పట్టుకోండి

నా ఉద్దేశంలో మొత్తం పనిలో ఇదే అసలు మెట్టు. మిగతావన్నీ దీని మీద నిలబడతాయి.

ప్రతి తిండి వ్యాపారంలోనూ లోపలివాళ్లకి మాత్రమే తెలిసిన ఓ చిన్న సర్దుబాటు ఉంటుంది. పెద్ద మోసం కాదు, వాళ్ల దృష్టిలో అసలు మోసమే కాదు. నిన్నటి సాంబారులో ఇవాళ్టి పప్పు కలపడం. "మా ఇంట్లో పట్టిన కారం" అని బయట కొన్న కారం వాడటం. "అమ్మ చేతి వంట" బోర్డు కింద వంటమాస్టరు వండటం. విడిగా అమ్మే మిఠాయి పళ్లాల దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నియమం తెచ్చారు. ఆ చిన్న బోర్డుని పొద్దున్నే తుడిచి తేదీ మార్చే చెయ్యి ఒకటి ఉండొచ్చు. ఆ చెయ్యి ఎవరిదో ఆలోచించండి.

తాయారు కొట్లో అబద్ధం ఇది. శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి జనం పోటెత్తుతారు. ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్లు తెల్లవారుజాము నుంచే వస్తారు. ఆ రద్దీలో కూర్చుని పెట్టెల మీద తేదీలు వేయడం ఎవరి వల్ల అవుతుంది? అందుకని శుక్రవారం రాత్రే పెట్టెలు సర్ది, శనివారం తేదీ స్టిక్కర్లు అంటించేస్తారు. ఏళ్ల తరబడి అలవాటు. ఒక్క రాత్రి తేడా, ఎవరికీ నష్టం లేదు.

ఎవరికీ నష్టం లేదు కాబట్టే ఎవరికీ గుర్తు రాదు. శవం పక్కన శనివారం తేదీ పెట్టె కనపడేసరికి, చనిపోయింది శనివారం అని అందరూ నమ్ముతారు. తాయారుకి మాత్రం అది శుక్రవారం రాత్రి కొట్టు దాటిన పెట్టె కావచ్చని తెలుసు. ఆ మాట చెబితే లేబులు మీద తప్పుడు వివరం వేసినట్టు ఒప్పుకోవడమే. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద అలాంటిదానికి 3 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చెప్పకపోతే హత్య అనుమానం.

చూశారా, ఒక్క స్టిక్కరుతో కేసూ దొరికింది, హీరోయిన్ నోరు కట్టేసే కారణమూ దొరికింది. తిండిని తీసేస్తే కథ కూలిపోతుంది. మీరు ఎంచుకున్న వంటింట్లో ఇలాంటి అబద్ధం దొరక్కపోతే ఇంకో వంటిల్లు వెతుక్కోండి. ఈ మాట కొంచెం కఠినంగానే చెబుతున్నాను.

3. ఊరిని కల్పించండి, చుట్టుపక్కల నిజం ఉంచండి

ఊరి పేరు కల్పితమైతే మీకు రెండు లాభాలు. "మా కొట్టు గురించే రాశావు" అని ఎవరూ పోట్లాటకి రారు. కావలసిన చోట గుడి, కావలసిన చోట కల్లు పాక పెట్టుకోవచ్చు. నిజం కొట్ల పేర్లు, వాటి యజమానుల పేర్లు చచ్చినా వాడకండి. చుట్టూ ఉన్న ఊళ్లు మాత్రం నిజమైనవే ఉంచండి. రావులపాలెం బస్సు, లొల్ల లాకులు, ధవళేశ్వరం బ్యారేజీ ఇవన్నీ ఉంటే, మధ్యలో లేని ఊరిని కూడా పాఠకుడు ఉందనుకుంటాడు.

కేలండరు దగ్గర జాగ్రత్త. నేను మొదట కథని మే నెలలో పెట్టాను. మామిడిపళ్లు, ఎండ, అంతా బాగుంది. సగం రాశాక గుర్తొచ్చింది, వేసవిలో కాలువలు కట్టేస్తారని. నీళ్లు లేని కాలువలో శవం ఎలా తేలుతుంది? కథ మొత్తం కార్తీకానికి జరపాల్సి వచ్చింది. పాత్రల చేతిలో రసాలు తీసేసి సీతాఫలాలు పెట్టాను. ముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఆ నెలలో వాన ఉందా, కాలువలో నీళ్లున్నాయా, కోతలా, పండగా, పెళ్లిళ్లా, కొట్టుకి గిరాకీ ఎంత.

వరసగా అదే ఊళ్లో పుస్తకాలు రాయాలనుకునేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. "మర్డర్, షీ రోట్" టీవీ సీరియల్ 1984 నుంచి 1996 దాకా నడిచింది. అందులో కాబట్ కోవ్ అనే చిన్న ఊళ్లో ఎన్ని హత్యలు జరిగాయంటే, ఆ ఊరు ఓ హాస్యంగా మిగిలిపోయింది. కోనసీమలో ఓ పల్లెటూళ్లో ఏడాదికి మూడు హత్యలంటే మనవాళ్లూ నవ్వుతారు. రెండో పుస్తకానికి శవం లేకుండా చూడండి. మాయమైన చిట్టీ డబ్బు, కాలిపోయిన రేకుల పాక, పెళ్లికి ముందు రోజు పోయిన నెయ్యి డబ్బాలు చాలు.

4. పరిశోధించే మనిషి

జనం ఆమె దగ్గర ఎందుకు మాట్లాడతారు? ఈ ప్రశ్నకి జవాబు ఉంటే హీరోయిన్ తయారైనట్టే. తాయారుకి యాభై రెండేళ్లు, భర్త లేడు. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు ఊరికే ఉండలేక అన్నీ చెప్పేస్తారు. ఆమె చెయ్యి మడత పెడుతూనే ఉంటుంది, చెవి వింటూ ఉంటుంది.

పిలుపులు సరిగ్గా పడాలి. గోదావరి వైపు సొంత మేనల్లుడిని కూడా కోపం లేనప్పుడు "రండి" అనేవాళ్లున్నారు. ఊరివాళ్లు ఆమెని "తాయారు గారండీ" అంటారు, వయసులో చిన్నవాళ్లు "పిన్నిగారూ" అంటారు. రేకులు తీసే నూకాలు మాత్రం "అమ్మగారూ" అంటుంది. తాయారు ఆమెని "ఏమే" అనే రోజులు, "నూకాలూ" అని మెత్తగా పిలిచే రోజులు వేరు. అదే ఒక క్లూ అవుతుంది. ఊరికి కొత్తగా వచ్చిన కుర్ర ఎస్సై మొదట "మేడమ్" అంటాడు, అనుమానం వచ్చాక "ఏమ్మా" అంటాడు, చివరికి "పిన్నిగారూ" దగ్గరికొస్తాడు. వాళ్లిద్దరి మధ్య ఏం జరిగిందో వివరించే పని మీకు తగ్గుతుంది.

పోలీసుని వెర్రివాడిని చేయకండి. అది పాత పద్ధతి, పైగా అవసరం లేదు. అతనికి వంటిల్లు తెలీదు, అంతే. చట్టం వివరాలు కూడా సరిచూసుకోండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు నడుస్తున్నాయి. అనుమానాస్పద మృతికి ఇదివరకు 174 సెక్షను కింద కేసు కట్టేవారు, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. హత్య 302 కాదు, భారతీయ న్యాయ సంహితలో 103. మన పాత్రలు మాత్రం ఇంకా కొన్నేళ్లు "మూడొందల రెండు కేసు" అనే అంటారు, ఆ మాట వాళ్ల నోట ఉంచండి. ఎస్సై నోట మాత్రం 103 రావాలి.

పోస్టుమార్టం జరుగుతుంది. మరి చనిపోయిన టైము తెలిసిపోదా? నీళ్లలో ఉన్న శవం గాలిలో ఉన్నదానికన్నా త్వరగా చల్లబడుతుంది, డాక్టరు చెప్పే టైము కొన్ని గంటల అటూ ఇటూగా ఉంటుంది. ఆ గంటల సందులోనే మీ కథ పడుకుంటుంది. అందుకే కాలువ.

5. చనిపోయేవాడు, అనుమానితులు

చనిపోయినవాడి కోసం పాఠకుడు ఏడవకూడదు, పండగా చేసుకోకూడదు. మా కథలో పెద్దిరాజు వడ్డీకి ఇస్తాడు. తాయారు ప్రోనోటు కూడా ఆయన దగ్గరే ఉంది. అలాగని కసాయి కాదు. మనవరాలి కోసం ప్రతి శనివారం బెల్లం పూతరేకులు కొంటాడు. తనకి షుగరుంది గాని "బెల్లంవి తింటే ఏం కాదు" అని రెండు తను తింటాడు. ఆ నమ్మకం తప్పు, బెల్లమైనా షుగరు పెరుగుతుంది. ఊళ్లో సగం మంది అలాగే నమ్ముతారు కాబట్టి పాత్ర నిజమనిపిస్తుంది.

అనుమానితులు నలుగురు చాలు, అయిదుగురైతే ఎక్కువ. అందరికీ కొట్టుతో లింకు ఉండాలి. ఎదురు కొట్టు యజమాని, పెద్దిరాజు తమ్ముడి కొడుకు, నూకాలు మొగుడు, నెయ్యి తెచ్చే భాస్కరం. వీళ్లలో దోషి ఎవరు? పైన చెప్పిన పాల మనిషి గుర్తున్నాడా? సరుకు తెచ్చేవాళ్లని ఎవరూ మనుషుల్లా చూడరు. "ఎవరైనా వచ్చారా?" అని అడిగితే "ఎవరూ రాలేదు" అంటారు, నెయ్యి భాస్కరం అప్పుడే వెళ్లాడన్నది మర్చిపోతారు. అమెరికా రచయిత్రి అతన్ని శవం చేసింది, నేను హంతకుణ్ని చేశాను.

కారణం కూడా వంటింట్లోదే. భాస్కరం నెయ్యిలో వనస్పతి కలుపుతున్నాడు. పెద్దిరాజుకి తెలిసి, నోరు మూసుకోవడానికి డబ్బడుగుతున్నాడు. ఇక్కడ మన దేశపు నియమం ఒకటి మిస్టరీ రాసేవాళ్లకి వరం. వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలిపి తీరాలి. ఎందుకంటే దాన్ని నెయ్యిలో కల్తీ చేస్తే, బౌడొయిన్ పరీక్షలో నువ్వుల నూనె ఎర్రటి రంగు చూపించి పట్టిస్తుంది. దొంగ మీద ముందే గంట కట్టి వదిలినట్టు. "నెయ్యి పూస కట్టలేదు, కల్తీ" అని తాయారు చేత తీర్పు చెప్పించకండి, అది అనుమానం దాకానే పనికొస్తుంది. రుజువు ల్యాబు ఇవ్వాలి.

విషం గురించి. ఆగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది, ఆవిడకి విషాలు తెలుసు. మనకి తెలీదు, తెలియనవసరమూ లేదు. మిఠాయిలో విషం పెడితే కథలో కొట్టు చచ్చిపోతుంది, దాంతో పాటు రేకులు తీసే పాతిక కుటుంబాలూ. ఆ తర్వాత ఊరు నవ్వుతూ పనిలో పడిందంటే ఎవరూ నమ్మరు.

6. జవాబు ముందు రాయండి

ఒక ఠావు కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క నిజంగా జరిగింది, కుడి పక్క ఊరు నమ్మింది. తాయారు కథకి నా కాగితం ఇలా ఉంది.

నిజం: శుక్రవారం సాయంత్రం ఏడింటికి 240 పెట్టెలకి శనివారం తేదీ వేశారు. ఏడున్నరకి భాస్కరం నెయ్యి డబ్బా దింపాడు. కోడలు "పిల్లలకి ఇవ్వండి బాబాయ్ గారూ" అని ఒక పెట్టె చేతిలో పెట్టింది. తొమ్మిదింటికి లాకుల దగ్గర పెద్దిరాజుని కలిశాడు. మంచి చేసుకుందామని ఆ పెట్టె ఆయన స్కూటరు డిక్కీలో పెట్టాడు. మాటా మాటా పెరిగింది, తోపులాట, కాలువ. భాస్కరం పారిపోయాడు. పెట్టె సంగతే మర్చిపోయాడు. తెల్లారి మూడింటి నుంచి గుళ్లో అన్నదానం దగ్గర నెయ్యి వడ్డిస్తున్నాడు.

ఊరు నమ్మింది: శనివారం నాలుగున్నరకి కొట్టు తెరిచాక పెద్దిరాజు పెట్టె కొన్నాడు. తాయారు "ఆయన రాలేదు" అంటోంది, అంటే అబద్ధమాడుతోంది. నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా భాస్కరాన్ని గుళ్లో వందలమంది చూశారు, అతన్ని అడగనే అక్కర్లేదు.

భాస్కరం తెలివిగా ఏమీ చేయలేదని గమనించండి. పెట్టెని కావాలని అక్కడ పెట్టి పోలీసులని తప్పుదోవ పట్టించలేదు. అతనికి తేదీ సంగతే తెలీదు. తాయారు అబద్ధమే అతన్ని కాపాడుతోంది. ఇలా దోషికి అదృష్టం కలిసొచ్చిన కథలు, దోషి మహా మేధావి అయిన కథలకన్నా పల్లెటూరికి బాగా అతుకుతాయి. నెయ్యి డబ్బాలు మోసేవాడు రాత్రికి రాత్రి చాణక్యుడు ఎలా అవుతాడు?

ఈ కాగితం గోడకి అంటించండి. ప్రతి అధ్యాయం రాశాక కుడి పక్కన ఎక్కడ చిల్లు పడిందో పెన్సిలుతో గుర్తు పెట్టండి.

7. క్లూని కళ్ల ముందే దాచడం

పాఠకుడికి అన్నీ చూపించాలి, కానీ అవి అతనికి ఆనకూడదు. ఈ ఆటలో మోసం చేస్తే క్షమించరు. చివరి అధ్యాయంలో కొత్త క్లూ తెస్తే పుస్తకం గోడకేసి కొడతారు, కొట్టాలి కూడా.

రెండో అధ్యాయంలో, శవం తేలకముందు, తేదీ సంగతి ఇలా దూర్చాను:

కోడలు స్టిక్కర్ల చుట్ట విప్పుతూ, "అత్తయ్యా, ఇరవై రెండా, ఇరవై మూడా?" అంది.

"రేపు శనివారం కదే. ఇరవై మూడే వెయ్యి. ముందా నెయ్యి మీద మూత పెట్టు, పిల్లి తిరుగుతోంది."

మూత పెట్టేలోపే పిల్లి దూకింది. నెయ్యి గిన్నె బోర్లా పడింది. తాయారు చీపురు పుచ్చుకుని వీధి మలుపు దాకా తరిమింది. ఎదురు కొట్టాయన పకపకా నవ్వాడు.

చదివినవాళ్లకి పిల్లి గుర్తుంటుంది, నవ్విన ఎదురు కొట్టాయన మీద ఓ కన్ను పడుతుంది. ఇరవై మూడు జారిపోతుంది. సూత్రం ఏమిటంటే, క్లూ చెప్పిన వాక్యం వెనకే కదిలేది ఏదైనా పెట్టండి. దెబ్బలాట, పిల్లి, ఫోను, మాడిన వాసన. అసలు క్లూ మీద వాక్యాన్ని ఎప్పుడూ ముగించకండి.

ఇంకో దారి జాబితా. కొట్టు పద్దుల పుస్తకం ఎప్పుడూ సాయం చేస్తుంది. కోడలు నెల పొడుగునా ఉచితంగా ఇచ్చిన పెట్టెలని కేలండరు వెనక రాసుకుంటుంది: "పూజారి గారు 1, కండక్టరు 2, నె.భా. 1, కరెంటాఫీసు 1." నాలుగో అధ్యాయంలో ఎస్సై ఈ కాగితం చూసి లంచాల లిస్టు అనుకుని నవ్వుతాడు. పాఠకుడూ నవ్వుతాడు. పొద్దున్నే లెక్కపెడితే 239 పెట్టెలే ఉన్నాయన్న మాట ఇంకెక్కడో, తాయారు కోడల్ని కసిరేటప్పుడు వస్తుంది. ఈ రెండూ ఒకే పేజీలో పెట్టారా, చెడిపోయింది.

మూడోది వంట విధానం. ఈ తరహా నవలల్లో అధ్యాయాల మధ్య వంటకాలు ఇవ్వడం ఆనవాయితీ. చాలామంది వాటిని అలంకారం అనుకుని దాటేస్తారు. దాటేస్తారు కాబట్టే అక్కడ ఓ క్లూ పాతిపెట్టండి. తాయారు రాసిన పూతరేకుల పద్ధతి చివర్లో ఒక మాట ఉంటుంది: "శనివారానికైతే ముందు రాత్రే చుట్టి పెట్టుకోవాలి, తెల్లారి చేతులు ఖాళీ ఉండవు." పుస్తకం అయ్యాక వెనక్కి వెళ్లి చూసుకునేవాళ్లకి అది పండగ. కొలతలు మాత్రం తాయారు నోటి కొలతలే ఉంచండి. సోలెడు, గిద్దెడు అంటుంది గాని గ్రాములంటుందా?

8. ముడి విప్పే రోజు

రివాల్వర్లు, వెంటపడి పరిగెత్తడాలు, కట్టేసిన హీరోయిన్ ఇవేవీ వద్దు. అందరూ సహజంగా ఒకచోట చేరే పని చూడండి. పెళ్లికి వెయ్యి పూతరేకులు చుట్టాలి, వీధిలో ఆడవాళ్లంతా చాపలు పరుచుకుని కూర్చున్నారు, భాస్కరం నెయ్యి తెచ్చాడు. ఎస్సై బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

ఇక్కడ మొదట పడాల్సింది దోషి కాదు, తాయారు. "మేం రాత్రే తేదీ వేస్తామండి. ఏళ్ల నుంచీ వేస్తున్నాం" అని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆ మాట తర్వాత చుట్టే చేతులన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దాన్ని ఓ పేజీ ఉంచండి. దాన్ని దాటాక కేలండరు కాగితం చదవడానికి నిమిషం చాలు. నా మొదటి ప్రతిలో ఇది తిరగబడింది. భాస్కరాన్ని పట్టుకోవడం పది పేజీలు, తాయారు ఒప్పుకోలు రెండు లైన్లు. చదివిన స్నేహితురాలు "దొంగ దొరికాడు సరే, ఈవిడకేమైంది?" అంది. రెండూ తారుమారు చేసి రాశాను.

జరిమానా కట్టిందా లేదా కూడా చెప్పండి. కట్టించండి. ఊరికే వదిలేస్తే ఆమె చెప్పిన నిజానికి ఖరీదు లేనట్టే.

9. పొడవు, ప్రచురణ, ఆఖరి తనిఖీ

ఇంగ్లీషులో ఈ నవలలు సుమారు 70 వేల మాటలు ఉంటాయి. తెలుగులో మాటకి మాట అతుక్కుంటుంది కాబట్టి 40, 45 వేలకే అంత కథ పట్టేస్తుంది. ఇరవై నాలుగు అధ్యాయాలుగా విడగొడితే వారం వారం సీరియల్‌గా కూడా సరిపోతుంది. సీరియల్‌గా ఇస్తే ఒక ఇబ్బంది: రెండో వారం చూపించిన పిల్లి ఇరవయ్యో వారానికి ఎవరికీ గుర్తుండదు. మధ్యలో ఒకసారి, ఇంకో శుక్రవారం రాత్రి, స్టిక్కర్ల చుట్టని మళ్లీ కనపడనివ్వండి.

అచ్చుకి పంపే ముందు ఇద్దరి చేత చదివించండి. ఒకరు మిస్టరీలు నమిలి మింగేవాళ్లు, వాళ్లు ఎన్నో పేజీలో దోషిని పట్టుకున్నారో అడగండి. సగానికి ముందే పట్టేస్తే భాస్కరం కనిపించే చోట్లు తగ్గించండి. అసలు పట్టుకోలేకపోతే క్లూలు తక్కువయ్యాయని.

రెండోవారు ఆ పని చేసే మనిషి. వాళ్లకి చదివే తీరిక ఉండదు, మీరే వెళ్లి పక్కన కూర్చుని చదివి వినిపించండి. నేను రేకులు తీసే ఒకావిడకి రెండు మధ్యాహ్నాలు చదివాను. హత్య దగ్గర ఆవిడ కళ్లెత్తలేదు. నూకాలు కుండ మీంచి రేకు లాగే చోట మాత్రం గుడ్డ ఆపి, "అలా లాగితే చిరిగిపోద్దండి, అంచు కాడ గోరు పెట్టాలి" అంది. మర్నాడు ఆ వాక్యం మార్చాను. తేదీ స్టిక్కర్ల సంగతి వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనకుండా పొయ్యిలోకి ఇంకో కొబ్బరాకు తోసింది.